మామతో శివ్వారం

జనవరి 17, శనివారం

శాంతిరాజ్ అడిగేశాడు. ఫస్ట్ షిఫ్టు వాళ్ళంతా లాంపులు తీసుకుని గనిలోకి దిగాక, లాంప్ రూమ్‌లో నా కౌంటర్ దగ్గరే నిలబడి, పెళ్ళి చేసుకుందామా అన్నాడు. ఎలక్ట్రీషియన్ కదా, చేతిలో టెస్టర్‌ని తిప్పుతూనే ఉన్నాడు. నవ్వొచ్చింది. మామను అడగాలి అన్నాను.

ఎలా అడగను? నా భర్త టోనీ బైక్ యాక్సిడెంట్‌లో పోయి మూడేళ్ళు. అతని ఉద్యోగం నాకు రావడానికి ఆఫీసుల చుట్టూ తిరిగింది టోనీ నాన్నే, మా మార్కు మామ. ఆయనకు ఇంకో కొడుకు లేడు. నాకు పుట్టింట్లో ఎవరూ లేరు. ఈ క్వార్టర్‌లో మేమిద్దరమే. ఆయన ముందు కూర్చుని ఇంకొకరిని చేసుకుంటానని ఏ నోటితో చెప్పాలి?

జనవరి 20

చెప్పలేదు. పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను. మామ మజ్జిగ పోసుకుని తిన్నాడు.

జనవరి 24

శాంతిరాజ్‌కి పక్షుల పిచ్చి. సెలవొస్తే కెమెరా తీసుకుని గోదావరి ఒడ్డుకు పోతాడు. ఎల్లుండి జెండా పండుగ సెలవు, ముగ్గురం శివ్వారం మొసళ్ళ మడుగుకు వెళ్దామన్నాడు. మామకు చెబితే, "పిట్టలను సూసెతందుకు గంత దూరమా? మనింటి మీద కాకుల్లేవా?" అన్నాడు. సాయంత్రం చూస్తే తన తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

జనవరి 26, సాయంత్రం

చేతులింకా బురద వాసన వేస్తున్నాయి.

పొద్దున్నే చేరుకున్నాం. మడుగు మీద మంచు. బండల మీద మొసళ్ళు ఎండకోసం పడుకుని ఉన్నాయి. శాంతిరాజ్ బైనాక్యులర్ మామ మెడలో వేశాడు. మామ చాలాసేపు దాన్ని తిరగేసి పట్టుకుని చూశాడు. మేం చెప్పలేదు. తర్వాత తనే సరిచేసుకుని, "అబ్బ!" అన్నాడు.

ఒడ్డు పక్క గడ్డిలో ఒక ఓపెన్‌బిల్ కొంగ కొట్టుకుంటోంది. తెగిన నైలాన్ వల కాలికీ రెక్కకీ చుట్టుకుంది. ఫారెస్టు వాచర్ అక్కడే ఆగమని, మొసళ్ళుంటాయని అరిచాడు. మామ అప్పటికే చెప్పులు విడిచి బురదలోకి దిగాడు. శాంతిరాజ్ బూట్లతోనే వెనక దూకాడు. వాచర్ కర్రతో నీళ్ళు కొడుతూ కాపలా నిలబడ్డాడు.

"ముక్కు పట్టుకో పిలగా! గట్టిగ కాదు, పానం పోతది," అన్నాడు మామ.

మామ తెల్ల చొక్కా విప్పి కొంగ తల మీద కప్పాడు. నేనూ దిగాను. నా బ్యాగులోని కత్తెరతో ఒక్కో పోగూ కోశాను. చొక్కా తీశాక కొంగ కాసేపు కదల్లేదు. మూడడుగులు కుంటింది. లేచింది. మడుగు దాటి పోయింది.

ఒడ్డు మీద కాళ్ళు కడుక్కుంటూ మామ అన్నాడు, "నాకు చెప్పెతందుకు గింత భయమా బిడ్డా? పిలగాడు మంచోడు. చేసుకో."

నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడే అనేశాడు: "నా ఫికర్ పెట్టుకోకు. నేను బెల్లంపల్లి మా చెల్లె దగ్గర ఉంట."

ఫిబ్రవరి 2

మామ వెళ్ళిపోయాడు. తనుంటే కొత్తగా వచ్చేవాడికి ఇబ్బంది అట. అరిచాను. వినలేదు. ఇల్లంతా ఫ్యాన్ చప్పుడే.

ఫిబ్రవరి 15, ఆదివారం

చర్చి అవగానే బెల్లంపల్లి వెళ్ళాం. మామ చిక్కిపోయాడు. శాంతిరాజ్ నేల మీద కూర్చుని, "కాకా, నువ్వు ఇంట్ల లేకుంటే సారిక పెండ్లే వద్దంటున్నది. జర జల్ది తయారుగావాలె," అన్నాడు.

మామ నా వైపు తిరిగి, "గట్లన్నవా?" అని అడిగాడు.

అన్నానని చెప్పాను. అలా అనే హక్కు నాకుందని కూడా చెప్పాను. మామ లేచి చొక్కా తొడుక్కున్నాడు. తర్వాత చెల్లెల్ని పిలిచి తన బ్యాగు ఎక్కడ పెట్టావని అడిగాడు.

బస్సులో మామ శాంతిరాజ్ భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.

ఏప్రిల్ 18

ఈ అమ్మాయిని ఇస్తున్నది ఎవరని పాస్టర్ గారు అడిగారు. మామ లేచి నిలబడ్డాడు. గని మస్టర్ హాజరులో పేరు పిలిస్తే ఎత్తినట్టు చెయ్యెత్తాడు. ఎంతకీ దించలేదు.