నలభై ఒక్క సంతకాలు, ఇంకా పెట్టని ఒకటి

నా వయసు పదహారు. రేపు పొద్దున నా గుండెలో ఉన్న చిన్న చిల్లు మూస్తారు. డాక్టరు గారు "చొక్కాకి గుండీ కుట్టినంత పనమ్మా" అన్నారు. మా అమ్మ టైలరు కాబట్టి ఎన్ని గుండీలు ఊడిపోతాయో నాకు తెలుసు. అందుకే ఈ వీలునామా.

నా మతి సరిగ్గానే ఉంది. ఇందాక సిస్టరు నా పేరు, వారం, తేదీ అడిగితే మూడూ కరెక్టుగా చెప్పాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. భయం ఉంది, కానీ అది బలవంతం కిందకి రాదనుకుంటున్నాను. మైనర్ రాసింది చెల్లదట. చెల్లకపోయినా చదవండి. ఇంగ్లీషులో అయితే తొందరగా రాసేదాన్ని, కానీ నాన్న దాన్ని చెల్లితో చదివించుకుంటాడు, అప్పుడు దానికి అన్నీ తెలిసిపోతాయి. తప్పులుంటే క్షమించండి.

1. నా ఆస్తి: అమ్మాయిల టీమ్‌వి నలభై ఒక్క ఫుట్‌బాల్ కార్డులు. ముందు ప్లేయర్ ఫోటో, వెనక తను ఆడిన మ్యాచ్‌లు, కొట్టిన గోల్స్. ప్రతి దాని మీదా ఆ ప్లేయరే నా కళ్ళ ముందు సంతకం పెట్టింది. కొన్న సంతకం గానీ, ఇంకొకరు తెచ్చిచ్చింది గానీ ఒక్కటీ లేదు. అవన్నీ నా మాథ్స్ గైడ్ల వెనక ఉన్నాయి. మా ఇంట్లో ఎవరూ ముట్టని చోటు అదే, నాతో సహా.

2. ఇవి పంచే బాధ్యత అత్తది. మా ఇంట్లో కడుపులో మాట దాచుకోగలిగేది ఆవిడొక్కతే.

3. అమ్మకి గోల్‌కీపర్ కార్డు. చిరిగిన గ్లవ్ తనే కుట్టుకున్నానని నాకు చూపించింది. ఫోటోలో కూడా ఆ కుట్టు కనిపిస్తుంది. నువ్వు చూడగానే వంకరగా ఉందంటావు. అలాగే, "ట్యూషన్‌కెళ్ళి మొహం ఇంత కమిలిపోయిందేంటే, సారు మేడ మీద చెబుతున్నాడా" అని అడిగేదానివి కదా. మంగళ, శుక్రవారాలు నేను ట్యూషన్‌కి వెళ్ళలేదమ్మా.

4. చెల్లికి నా మార్కరు, రబ్బరు, మిగతా కార్డులన్నీ. కొత్త కార్డు నున్నగా ఉంటుంది, సిరా నిలవదు. ముందు రబ్బరుతో మెల్లగా రుద్దు. పెన్ను మూత తీసే ఇవ్వు. పేరు పెట్టి పిలువు. ఊరికే అక్కా అంటే అందరూ చూస్తారు, ఎవరూ ఆగరు. సంతకమయ్యాక వంద లెక్కపెట్టేదాకా కవర్లో పెట్టకు.

5. వదినకి, అంటే అత్త కూతురికి, కెప్టెన్ కార్డు. సంతోషం పట్టలేక ఇరవైకే కవర్లో పెట్టేశాను, సిరా అంతా అలుక్కుపోయింది. నువ్వేమో క్లాసందరి ముందు "ఇది నువ్వే గీసుకుని నువ్వే చెరుపుకున్నావు" అన్నావు. రెండు నెలలుగా నీతో మాట్లాడలేదు. ఆ కార్డుని లైటుకి వాలుగా పట్టుకో, పెన్ను నొక్కిన గీత కనిపిస్తుంది. నమ్మితే ఉంచుకో. నమ్మకపోయినా ఉంచుకో.

6. రద్దు. కార్డులు నాతోపాటే పంపించమని రాశాను. చెల్లి ఏడుస్తుందని కొట్టేశాను.

7. ఇది నాన్న ఒక్కడే చదవాలి. అత్తా, ఇక్కడ పేజీ మడిచెయ్.

నాన్నా, టీమ్ బస్సు నడిపేవాళ్ళ ఇంట్లోవాళ్ళు ప్లేయర్ల దగ్గరికి రాకూడదని రూలు. "నా బండి దగ్గర మీలో ఎవరైనా కనిపించారో, మర్నాటి నుంచి నేను ఇంట్లో కూర్చోవాల్సిందే" అని అన్నం తింటూ చెప్పావు. అయినా నేను వెళ్ళాను. గ్రౌండు వెనక గేటు దాటాక మలుపులో, చున్నీ మొహానికి కట్టుకుని నిలబడేదాన్ని. అక్కడ బస్సు మనిషి నడిచేంత నెమ్మదయ్యేది. కిటికీలోంచి చేతులు వచ్చేవి. అక్కడ స్పీడ్ బ్రేకర్ ఉందనుకున్నాను, రెండేళ్ళు.

పోయిన నెల నీకు జ్వరమొస్తే వేరే డ్రైవర్ వచ్చాడు. మలుపులో బస్సు నెమ్మదించకుండా వెళ్ళిపోయింది. వెనక పరిగెత్తాను, ఊపిరందక కూలబడ్డాను. ట్యూషన్ మెట్ల మీద పడ్డానని మీకు చెప్పింది అబద్ధం. ఈ చిల్లు బయటపడింది అలాగే. కూర్చుని చూస్తే అక్కడ స్పీడ్ బ్రేకర్ లేదు. రోడ్డు సాఫుగా ఉంది.

ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు నువ్వు. ఇంటికొచ్చి మాత్రం "ఇవాళ ఎన్ని లెక్కలొచ్చాయి" అని అడిగేవాడివి. నాకు ఆరోజు దొరికిన సంతకాలు ఎన్నో అన్ని చెప్పేదాన్ని. "బానే ఉంది" అనేవాడివి.

8. నలభై రెండో కార్డు నేనే అట్టతో చేశాను. ముందు స్టీరింగ్ పట్టుకున్న నీ ఫోటో. వెనక: నడిపింది పంతొమ్మిదేళ్ళు, యాక్సిడెంట్లు లేవు, నా కోసం నెమ్మది చేసినవి లెక్కలేదు. కింద సంతకానికి చోటుంది. ఇది ఎవరికీ ఇవ్వడం లేదు. నువ్వు ముందే సంతకం పెట్టేయకు. నేను చూడనిది నా కలెక్షన్లోకి రాదు. నేను రాకపోతే అది ఖాళీగానే ఉండాలి. మెలకువ రాగానే అడుగుతాను. పెన్ను మూత తీసి ఉంచు.

తేదీ: ఆపరేషన్‌కి ముందు రోజు, సోమవారం, సాయంత్రం నాలుగున్నర.
సంతకం: పెట్టాను. కొంచెం వంకరగా వచ్చింది, నాదే.

సాక్షులు: ఒకరు, పక్క మంచం బామ్మ గారు. "నేనే ఇంకా రాయలేదు, నీకేం తొందరే" అన్నారు. ఇంకొకరు, రక్తం తీసే సిస్టరు. ఇద్దరినీ లోపల చదవనివ్వలేదు. ఇద్దరూ నా కళ్ళ ముందే సంతకం పెట్టారు. వంద లెక్కపెట్టాకే మడిచాను.