వణికే దెయ్యాలు నలభై

డెమోయిన్,
అక్టోబరు 12

నా బంగారు అర్విల్లాకి,

నువ్వు పంపిన ప్లమ్ జామ్ సీసాలు రెండూ పగలకుండా చేరాయి. మా ఆయన డ్వేన్ పుణ్యమా అని ఒకటి అప్పుడే సగమైంది. బదులుగా నేను పంపుతున్న పెట్టె చూస్తే మాత్రం నువ్వు తిడతావని తెలుసు. అందులో ఉన్నది నీ దెయ్యం బొమ్మ రబ్బరు స్టాంపే. ఇరవై ఆరేళ్ల కిందట, నువ్వింకా ఇక్కడే ఉన్నప్పుడు, ఈ ఊళ్లో ఒక్క మనిషీ తెలియక నేను వంటింట్లో కూర్చుని ఏడుస్తుంటే, నన్ను మీరంతా గురువారాలు చేరి కాగితపు బొమ్మలు చేసుకునే బల్ల దగ్గరికి లాక్కెళ్లి చేతిలో పెట్టావే, అదే. నాకు ఇక్కడ నలుగురు దొరికింది దానివల్లే. అందుకే పారెయ్యలేక నీకు పంపుతున్నాను.

నీకో అబద్ధం చెప్పాను. మణికట్టు బెణకలేదు, చెయ్యి వణుకుతోంది. ఇది తగ్గేది కాదని ఆగస్టులోనే డాక్టరమ్మ చెప్పేసింది. డ్వేన్‌కి తప్ప ఎవరికీ తెలీదు. గురువారం వాళ్లకి కూడా బెణుకనే చెప్పి వెళ్లడం మానేశాను. మొన్న మొండికేసి కూర్చున్నాను. నారింజ రంగు అట్టకాగితం కోసి, బద్దతో మడతలు గీసి, నలభై చాక్లెట్ పొట్లాలు అంటించేదాకా బాగానే ఉంది. చిక్కంతా స్టాంపు దగ్గరే. తిన్నగా నొక్కి తిన్నగా పైకి తియ్యాలని నా వేళ్ల మీద ఎన్నిసార్లు కొట్టావో! ఒకటి పోతే ఇంకోటైనా కుదురుతుందని వేస్తూనే ఉన్నాను. ఒక్కో దెయ్యానికి రెండేసి అంచులు, నాలుగేసి కళ్లు. నలభైకి నలభై తగలడ్డాయి. "పిల్లలు చాక్లెట్ చూస్తారు గానీ దెయ్యాన్ని చూస్తారటే పిచ్చిదానా?" అన్నాడు డ్వేన్. ఒళ్లు మండి అన్నీ తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేశాను.

ఈ ఏడు హాలోవీన్ దెయ్యాల పండక్కి వరండా దీపం వెయ్యను. జోకు చెప్పి చాక్లెట్ పుచ్చుకునే పిల్లలు చీకటింటికి రారు. వాళ్ల చచ్చు జోకులు వినకుండా ఎలా గడుస్తుందో తెలీదు గానీ, నా చెయ్యి చూసి ఎవరైనా అయ్యో అంటే తట్టుకోలేనే.

నీ
మార్లిస్

డెమోయిన్,
నవంబరు 7

ఒసే అర్విల్లా,

నా ఉత్తరం చదివాక కూడా పెట్టె విప్పకుండా తిప్పి పంపేస్తావా! పైన "ఇచ్చింది తిరిగి పుచ్చుకోను" అని రాసి మరీ! ఆ రోజైతే కోపమొచ్చి అటక మీద పడేశాను.

మన ఊళ్లో పిల్లలు వేషాలేసుకుని తిరిగేది ముప్పయ్యో తేదీ సాయంత్రమే కదా, ఆ వేళకి వంటింట్లో దీపం ఆర్పుకుని కూర్చున్నాను. ఆరింటికి గుమ్మంలో సందడి. ఏమిటా అని చూద్దును కదా, వరండా దీపం వెలుగుతోంది, కుర్చీలో డ్వేన్, ఒళ్లో నా పొట్లాలు! ఆ రోజే చెత్తబుట్టలోంచి తీసి గరాజులో దాచాట్ట. చాక్లెట్లు పోసి, మూతులు మడిచి పిన్నులు కొట్టిందీ ఆయనే, అన్నీ వంకరటింకరగా.

తిట్టబోయాను. మెట్ల మీద ఆరేళ్ల పిల్ల, తేనెటీగ వేషంలో, కళ్లనిండా నీళ్లతో నిలబడి ఉంది. జోకు మర్చిపోయిందట. మన ఊరి ఆనవాయితీ తెలిసిందే కదా, డ్వేన్ ఊరుకోడే! "జోకు లేనిదే పొట్లం లేదు తల్లీ" అంటున్నాడు. అది ముక్కు ఎగబీలుస్తూ పొట్లం వంక కాసేపు చూసి, "తాతా, ఈ దెయ్యం ఎందుకు వణుకుతోందో చెప్పుకో" అంది.

"చలికా?"

"కాదు. దానికీ జోకు గుర్తురావట్లేదు!"

తలుపు వెనక నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చేశాను. పొట్లం నేనే అందించాను. అది నా చెయ్యి చూసింది, నా మొహం చూసింది.

"నీకూ గుర్తురావట్లేదా మామ్మా?" అంది, ఎంత జాలిగానో! జోకు కోసం పడ్డ జాలి అది. ఆ జాలికి నాకు ప్రాణం లేచొచ్చింది.

గంటలో నలభై ఖాళీ. తర్వాత వచ్చినవాళ్లు "వణికే దెయ్యం ఏదీ?" అని మూతి ముడుచుకున్నారు. నిన్న గురువారం బల్ల దగ్గరికి వెళ్లి అందరికీ నిజం చెప్పేశాను. ఎవరూ అయ్యో అనలేదు, కుర్చీ లాగి కూర్చోమన్నారు. ఆ రెండు అంచులు ఎలా వేశానో నేర్పమని మాత్రం, మనవడు తెచ్చుకున్న పొట్లం చూసిన ఒకావిడ పట్టుబట్టింది. నా వల్ల కాదన్నాను.

నువ్వు తిప్పి పంపకపోతే ఏమైపోయేదాన్నో! నీ రుణం ఈ జన్మకి తీరదు. వచ్చే ఏడాదికి అరవై వెయ్యాలి, అటక మీంచి స్టాంపు దింపి ఇవాళే మొదలుపెట్టాను. ఈ ఉత్తరం కింద ఒకటి వేశాను, చూడు. మంచి జోకు రాసి పంపితేనే నీ పొట్లం.

నీ
మార్లిస్