తంగేడు రంగు బండి, గుట్ట మీది జాగ

సిద్దిపేట పట్టణంలో సొంత ఇంట్లో ఉంటూ, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన పాపన్నగారి ప్రమీలాదేవి అను నేను, కీర్తిశేషులు పోచయ్య గారి కూతురిని, అవివాహితను, నా ఇష్టంతో రాసుకుంటున్న వీలునామా ఇది. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ బతిమాలలేదు. నా బుద్ధి నిలకడగా ఉంది. ఎడమకాలు మాత్రం రెండో ఏట పోలియో వచ్చిన నాటి నుంచి నిలకడగా లేదు. అది వీలునామాకు అడ్డం కాదని వకీలు చెప్పారు. జబ్బు చేసి రాస్తున్నది కాదు ఇది. కొత్త బండి కొన్నాను. రిజిస్ట్రేషన్ చేయించేటప్పుడు, మీ తర్వాత ఈ బండి ఎవరికి అని అడిగారు. ఒక పేరు చెప్పాను. ఇంటికి వచ్చాక, అది చెప్పినదాన్ని మిగతావి కూడా చెబితే పోలా అనిపించింది.

1. నా పేరు మీద ఉన్న పెద్ద ఆస్తులు మూడే. సిద్దిపేటలో ఇల్లు, ఇబ్రహీంపూర్ దగ్గర గుట్ట, నాలుగు చక్రాలూ లాగే, తంగేడు పువ్వు రంగు ఫోర్ బై ఫోర్ బండి. ఇల్లు నా జీతంతో కట్టుకున్నాను. గుట్ట వాటాగా వచ్చింది. బండి వచ్చి ఇంకా నెల కాలేదు, కాబట్టి ఈ కాగితంలో దాని ముచ్చటే ఎక్కువ ఉంటుంది. చదివేవారు ఓపిక పట్టాలి.

2. గుట్ట నాకు ఎట్లా వచ్చిందో అందరికీ తెలియాలి. చిన్నప్పుడు సీతాఫలాల కాలంలో ఇంటిల్లిపాదీ ఎడ్లబండి కట్టుకొని అక్కడికి పోయేవాళ్లం. గుట్టకు ముందు వాగు అడ్డం వస్తుంది. బాపు ఎడ్లను విప్పి, నన్ను బండిలోనే కూర్చోబెట్టి, "గీడనే ఉండు బిడ్డా, నీకు పెద్ద పెద్ద కాయలు తెంపుకొస్త" అని అందరినీ తీసుకొని వాగు దాటేవాడు. కాయలు నిజంగానే పెద్దవి వచ్చేవి. నాకు కావలసింది కాయలు కాదు. గుట్ట మీది నుంచి మా అన్న గజేందర్ సంతోషంతో అరిచే అరుపు నాదాకా వినిపించేది. ఏం చూసి అరుస్తున్నాడో తెలిసేది కాదు.

బాపు పోయాక పంపకాలు జరిగాయి. అన్న పెద్దమనుషుల ముందు, "నల్లరేగడి నేను జూసుకుంట. గుట్ట ప్రమీలకు రాయున్రి. అది యవుసం జేసేది లేదు, గుట్టెక్కేది లేదు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కాదనలేదు. నేను సంతకం పెట్టాను. ఆ తర్వాత దసరాకు కలిసినప్పుడల్లా, "గా రాళ్లు నీకెందుకే, నా పేరు మీద జేయరాదా?" అనేవాడు. నేను చేయలేదు. ఎందుకు చేయలేదో అప్పుడు నాకే సరిగా తెలియదు. నౌకరీ చేసినంత కాలం అడవి చెట్ల గురించి పాఠాలు చెప్పాను. కొమ్మలు పిల్లలు తెంపుకొచ్చేవారు. ఆకు నా బల్ల మీద ఉండేది, చెట్టు ఎక్కడో ఉండేది.

3. బండి ఎంపిక గురించి. రిటైరయ్యాక ఒక చిన్న ఆటోమేటిక్ కారు మీద డ్రైవింగ్ నేర్చుకున్నాను. దానికి క్లచ్ ఉండదు, కుడికాలు ఒక్కటే చాలు. ఈ సంగతి ఇన్నేళ్లు నాకు ఎవరూ ఎందుకు చెప్పలేదని కోపం వచ్చింది. రోడ్డు మీద మొదటిసారి ఒంటరిగా తోలిన రోజు ఆ కోపం ఎక్కడికి పోయిందో పోయింది. గుట్ట ఎక్కే బండి కొంటానని అదే రోజు అన్న వాళ్లింట్లో చెప్పాను. అన్న మాత్రం, "దిమాక్ ఖరాబైందా? సందుల ఇల్లు పెట్టుకొని జీపు గొంటదట" అని షోరూముకు రానన్నాడు. నేను, మా వదినె కొమురవ్వ, వాళ్ల కొడుకు నరేశ్ పోయాం.

షోరూములో బండి చూపించిన పిల్ల పేరు కృప. నన్ను చూసి లేచి నిలబడింది. నా దగ్గర ఇంటర్ చదివిందట. వాళ్ల ఊరు గుట్టకు ఈవలే. అడవి కొమ్మలు ఎక్కువగా తెచ్చింది ఆమే. ఆ పూటంతా మేము బండి చుట్టూ తిరిగిన తిరుగుడు నాకు పండుగలా ఉంది. నరేశ్ సన్‌రూఫ్ కావాలన్నాడు, పెద్ద రిమ్ములు కావాలన్నాడు, నాలుగు దిక్కుల లైట్లు కావాలన్నాడు, నల్ల రంగు అన్నాడు. "అత్తమ్మా, గిసొంటి బండికి గివి లేకపోతే ఇజ్జతుండది" అన్నాడు. కృప సంకోచం లేకుండా చెప్పింది: "మేడం, పెద్ద రిమ్ములు ఫొటోలకు మంచిగుంటయ్. రాళ్లల్ల వోవాలంటే చిన్న రిమ్ము, మందం టైరు ఉండాలె. ఇసుకల గాలి కొంచెం తీస్తే టైరు పరుచుకుంటది, దిగబడది." పరీక్ష అంటేనే భయపడే పిల్ల నాకు పాఠం చెబుతుంటే నోరు తెరుచుకొని విన్నాను.

టైర్లు ఆమె చెప్పినవే తీసుకున్నాను. వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేటట్టు చేసే లాక్ కావాలన్నాను. అది పై రకం బండిలోనే వస్తుందంటే పై రకమే ఖాయం చేశాను. ఇంజను కింద ఇనుప రేకు, ముందూ వెనకా లాగే కొక్కేలు, టైర్లలో గాలి నింపే చిన్న యంత్రం. కార్పెట్ వద్దు, కడిగితే పోయే రబ్బరు చాప చాలు. దిగబడ్డ బండిని తాడుతో లాగే వించ్ మీద నాకూ మనసు పోయింది గానీ ముందు భాగం బరువెక్కుతుందని కృప వద్దంది, మానుకున్నాను. అన్నిటికంటే ఎక్కువ సేపు మెట్టు దగ్గర ఆగాం. బండి ఎత్తు, మెట్టు లేకపోతే నేను ఎక్కలేను, మెట్టు కిందికి ఉంటే రాయికి తగులుతుంది. తలుపు తీస్తే దిగి, వేస్తే లోపలికి ముడుచుకొనే మెట్టు ఉందని కృప చూపించింది. అది కిర్రుమని దిగి నా కాలి ముందు ఆగింది. మళ్లీ వేయించి మళ్లీ తీయించాను. లోపల తలుపు పక్కన పట్టుకొని ఎక్కే కడ్డీ నా వైపు ఒకటి, పక్క సీటు వైపు ఒకటి పెట్టించాను.

రంగు దగ్గరికి వచ్చేసరికి వదినె, "నేను జెప్పనా" అంది. "తంగేడు పువ్వు లెక్కుండాలె. రాళ్ల నడుమ యాడున్నా కనవడాలె." కంపెనీ ఆ పసుపుకు ఏదో పేరు పెట్టింది, మాకది తంగేడే. కాగితాల మీద సంతకాలు చేసి వెనక్కి తిరిగితే వదినె డ్రైవర్ సీట్లో కూర్చొని తలుపు వేసుకొని ఉంది. రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉన్నాయి. "అవ్వా, అటు పక్కకు కూసో" అన్నాడు నరేశ్ తల్లితో. "కూసుంటే అరుగుతదారా?" అంది వదినె.

4. గుట్ట ఎక్కిన సంగతి. పోయిన ఆదివారం పోయాం. నరేశ్‌కు హైదరాబాదులో డ్యూటీ ఉండి రాలేదు. రానన్న అన్న మాత్రం పొద్దున్నే ఇస్త్రీ ప్యాంటు వేసుకొని వచ్చాడు. "ఇద్దరు ఆడోళ్లు వోతే వాగుల ఇరుక్కుంటరు" అని ముందు సీట్లో కూర్చున్నాడు. ఆయన అన్నట్టే ఇరుక్కున్నాం. ముందు చక్రాలు నీళ్లు దాటి తడి ఇసుకలో దిగాయి. నేను కంగారుపడి ఇంకా గట్టిగా తొక్కాను, వెనక చక్రాలు కూడా దిగాయి. "జెప్పిన్నా లేదా? ఫోన్ జేస్త, ట్రాక్టరొస్తది" అన్నాడు అన్న. అవతలి ఒడ్డున మేకలు కాస్తున్న దుబ్బయ్య, "అక్కా, ఎడ్లను దెస్త ఆగు" అని కేకేశాడు. ఆయన గుట్ట కింది రైతు.

"ఎవ్వలు ఏం దేవొద్దు. ఆగున్రి" అన్నాను.

తలుపు తీస్తే మెట్టు దిగింది. కర్ర ఇసుకలో పాతుకుపోతుంటే బండిని పట్టుకొని నిలబడ్డాను. వదినె చీర ఎగచెక్కి అటు నుంచి వచ్చింది. నేను గాలి కొలిచే మీటర్ చూస్తుంటే ఆమె చక్రానికి చక్రం గాలి తీసింది. "ఇంక దియ్యాల్నా?" "ఇంక కొంచెం." టైర్లు జొన్నరొట్టెల్లా పరుచుకున్నాయి. ఈ లోపు అన్న, బండి మునిగిపోతుందేమోనని దిగి, ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకొని మేము వచ్చిన ఒడ్డుకు పోయి నిలబడ్డాడు. నేను ఎక్కి, బలమెక్కువ ఉండే లో గేరు వేసి, వెనక చక్రాల లాక్ నొక్కి, ఈసారి మెల్లగా తొక్కాను. పండుకున్న ఎద్దు వెనక కాళ్ల మీద లేచినట్టు బండి లేచింది. మేకలు చెదిరాయి. ఇసుక దాటి గట్టి నేల మీద ఆగాక వెనక్కి చూశాను. అన్న వాగుకు అవతల ఉన్నాడు. నేను గుట్ట వైపు ఉన్నాను. నేనే పిలిచాను. "రా అన్నా, నీళ్లు లోతు లేవు."

పైకి ఎక్కుతుంటే ఇనుప రేకు రాళ్లకు గీసుకుంది. అన్న రెండు చేతులతో కడ్డీ పట్టుకున్నాడు. వెనక నుంచి వదినె మాత్రం, "కుడికి, కుడికి, గంతే, ఇగ పోనియ్" అంటూ ఉంది. ఆమె చెప్పిన దారి ఒక్కసారి కూడా తప్పలేదు. పైన సాపు బండ ఉంది. దాని పక్కన కొండగోగు చెట్టు. ఆ ఆకును బల్ల మీద ఎన్నిసార్లు పిల్లలకు చూపించానో లెక్క లేదు. చెట్టు బెరడు మీద చేయి పెట్టాను. ఎండకు వెచ్చగా ఉంది, బంక అరచేతికి అంటుకుంది. అప్పుడు బండ అంచుకు పోయి చూశాను. చిన్నప్పుడు అన్న దేన్ని చూసి అరిచేవాడో తెలిసింది. వింత ఏమీ లేదు. చెరువులు, పత్తి చేలు, వాటికి అవతల ఇంకా చేలు. కంటికి అడ్డం ఏమీ లేదు, అంతే. నాకు అరవై రెండేళ్లు. నేను కూడా అరిచాను. తర్వాత వదినె అరిచింది. కింద దుబ్బయ్య భయపడి, "ఏమైందే అక్కా?" అని అరిచాడు.

దిగే ముందు అన్న బండ మీద కూర్చొని కాళ్ల ఇసుక దులుపుకుంటూ, నా వైపు చూడకుండా ఒక మాట అన్నాడు. "నువ్వు రాలేవనే గుట్ట నీకు రాయించిన ప్రమీలా. ఎన్నడో ఒకనాడు నాకే వస్తదనుకున్న." ఆ మాటకు కింది రెండు క్లాజులే నా జవాబు.

5. గుట్టనూ బండినీ మా వదినె కొమురవ్వకు సర్వహక్కులతో రాస్తున్నాను. బండి ఒకరికి, అది పోయే జాగ ఇంకొకరికి రాస్తే పంచాయితీ అవుతుంది కాబట్టి రెండూ ఒక్కరికే. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆమె నడుం వంచని మడి ఆ ఇంటికి లేదు; ఆమె పేరు మీద ఒక్క గుంట భూమి కూడా లేదు. ఇది మొదటిది అవుతుంది. ఆ ఆదివారం తిరిగి వచ్చేటప్పుడు కోసిన మక్కచేనులో బండిని ఆమె చేత తోలించాను. మొదటి మలుపుకే బండిని గట్టు మీదికి ఎక్కించింది, రెండో మలుపుకు నవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు రోజూ పొద్దున నేర్చుకుంటోంది, లైసెన్సుకు దరఖాస్తు పెట్టింది. నా షరతులు కొన్ని ఉన్నాయి. ఒంట్లో శక్తి ఉన్నంతవరకు బండి ఆమే తోలాలి. టైర్లు అరిగితే అవే మందం టైర్లు వేయించాలి. గుట్టను చదును చేసి ప్లాట్లు చేయరాదు. దుబ్బయ్య మేకలు ఎప్పటిలాగే మేయవచ్చు, కొండగోగు మొలకల జోలికి మాత్రం రాకుండా ఆయన చూసుకోవాలి.

6. మా అన్న గజేందర్‌కు భూమి ఏదీ రాయడం లేదు. ఆయనకు ఉంది. బండిలో ముందరి పక్క సీటు, దాని కడ్డీ ఆయనవి. ఆయన ఉండగా అక్కడ ఇంకెవరూ కూర్చోరాదు. వదినె తోలుతున్నప్పుడు ఆయన గేర్ల గురించి సలహా చెప్పరాదు. పంపకాల్లో ఎవరూ అడగని బాపు గొంగడి నా బీరువాలో ఉంది, వేపాకు వేసి దాచాను. అది కూడా అన్నకే. గుట్ట మీద పొద్దున చలి ఎక్కువ. నా కోపం పోయిందని ఈ కాగితంలో రాయను. కొంత పోయింది.

7. సిద్దిపేట ఇల్లు నరేశ్‌కు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా అతనిదే. మా ఇంట్లో వారంటీ కాగితాన్ని చివరిదాకా చదివేది అతనొక్కడే. బండికి వద్దన్నందుకు మనసులో పెట్టుకోకుండా, కావాలంటే ఇంటి కప్పుకు సన్‌రూఫ్ పెట్టించుకోవచ్చు.

8. నా చేతి భూతద్దం, ఎండిన ఆకుల సంపుటాలు, వృక్షశాస్త్రం పుస్తకాలు కృపకు. ఆ ఆకుల్లో సగం ఆమె తెంపుకొచ్చినవే. షోరూములో అమ్మకాలు లేని రోజు ఆమె గుట్టకు రావచ్చు, ఎవరినీ అడగనక్కర లేదు.

9. ఈ వీలునామా నా తర్వాతే అమలులోకి వస్తుంది. దానికి ఎవరూ తొందరపడవద్దు. నాకైతే తొందర లేదు. వచ్చే వారం బండి పైన సామాను కట్టుకునే క్యారియర్ బిగిస్తారు. ఎండలు ముదరక ముందే నేనూ వదినె నల్లమల చూసి రావాలి. ఏ చెట్టు దగ్గర ఎంతసేపు ఆగాలో నేను చెబుతాను, ఎక్కడ అన్నం వండుకోవాలో ఆమె చెబుతుంది. అడవి దారులు చూశాక ఇంకో సామాను కావాలనిపిస్తే బండినీ, బుద్ధి మారితే ఈ కాగితాన్నీ మార్చే హక్కు నాకు ఉంది. అప్పటిదాకా ఇల్లు, గుట్ట, బండి నావే, తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. రెండో తాళంచెవి ఒక్కటే అన్నాళ్లు ఆగలేకపోయింది. ఇవ్వాళ పొద్దుననే వదినె చేతిలో పెట్టాను.

పై సంగతులన్నీ నేనే చదువుకొని, సరిగా ఉన్నాయని చూసుకొని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

సిద్దిపేట
23 నవంబరు 2025

(సంతకం)
పాపన్నగారి ప్రమీలాదేవి

సాక్షులు:

1. నాగేశ్, టైర్ల షాపు, సిద్దిపేట
2. ప్రవీణ, రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, సిద్దిపేట