మూల విరిగిన చుక్క

పలాస, ఆదివారం, 2008

ఈ పూట డైరీ రాయకుండానే పడుకుందామనుకున్నాను. ఓడిపోయినవాడికి రాతెందుకు? కానీ ఓడానో గెలిచానో ఇంకా తేలడం లేదు.

రేడియోలు బాగుచేసుకునే నేను పుస్తకం చూసి కంప్యూటర్ నేర్చుకుని, రెండేళ్లుగా తయారుచేస్తున్న మొదటి ఆట ఇది. అంతరిక్షంలో ఒక బొమ్మ రాయి మీంచి రాయికి గెంతుతూ చుక్కలు ఏరుతుంది. అన్నీ ఏరితేనే తలుపు తెరుచుకుంటుంది. రేపు టెక్కలి కంప్యూటర్ సెంటర్లో చూపించాలి. నేను కాక మరొకరు మొదటి స్టేజి దాటితేనే బస్సెక్కుతానని ఒట్టు పెట్టుకున్నాను.

సాయంత్రం మా ఆవిడను కూర్చోబెట్టాను. ముప్పై ఏళ్లు జీడిపప్పు ఏరిన చెయ్యి కదా, నాకంటే బాగా గెంతించింది. ఒక్క చుక్కను మాత్రం వదిలేసింది.

"ఒలే, అదీ ఏరు!"

"ఏటి ఏరేది? దాని మూల ఇరిగిపోనాది, సూడు. ఇరగని గుండు పప్పులో ముక్క కలిపితే ఫేక్టరీ మేస్త్రి ఊరుకుంటాడేటి?"

"అంతరిక్షంలో మేస్త్రి ఎవడే?"

"నువ్వే కదా బావా! అందుకే పని ఇలాగేడిసింది."

నిజమే, చుక్కను గీసినప్పుడు మూలలో ఒక గడి నింపడం మరిచిపోయాను. ఒకసారి నందిగాం నుంచి వచ్చిన రేడియోలో నాకు వారం రోజులు దొరకని తెగిన తీగనూ ఈవిడే చూపించింది. అప్పుడూ నేను ఒప్పుకోలేదు.

చుక్కను సరిచేయబుద్ధి కాలేదు. ఆటలోనే తలుపు పక్కన ముక్కలకు వేరే బుట్ట పెట్టాను; అందులో వేసినా ఏరినట్టే లెక్క.

భోజనాలయ్యాక మళ్లీ ఆడింది. ముక్కను బుట్టలో వేసింది. తలుపు తెరుచుకుంది. "కరెంటు దండగ" అని కంప్యూటర్ ఆపేసింది.

రేపటికి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను.