పోర్ట్‌ఫోలియో కోసం కైకలూరు

మంగళవారం

సీనియర్ డిజైనర్ ఉద్యోగానికి రేపటిలోగా పోర్ట్‌ఫోలియో పంపమన్నారు హైదరాబాద్ వాళ్లు. పద్దెనిమిదేళ్లుగా ఏలూరు షాపులో ఫ్లెక్సులు డిజైన్ చేస్తున్నాను, చూపించడానికి ఒక్క ఫైలూ లేదు. ప్రింటయ్యాక సిస్టంలోంచి తీసేయడం మా అలవాటు. అందుకే ఇవాళ సెలవు పెట్టి, నేను బాగా చేశాననుకున్న రొయ్యల మేత కొట్టు ఫ్లెక్సును ఫొటో తీసుకుందామని కైకలూరు వెళ్లాను. కొట్టు ముందు లేదు. వెనక మేత బస్తాల మీద బోర్లా కప్పి ఉంది.

"మీ ఫ్లెక్సు భలే గట్టిదండీ. ఎంత వానకీ చుక్క దిగలేదండి," అన్నాడు కొట్టాయన.

నా పనిని ఇంత మనస్ఫూర్తిగా ఎవరూ మెచ్చుకోలేదు. ఒక్కసారి తిప్పమని అడుగుదామనుకున్నాను. అప్పటికే మబ్బు పట్టింది. తెల్లటి వెనకవైపే ఫొటో తీసుకుని బస్సెక్కాను.