నలభై రెండో చొక్కా

ఫిబ్రవరి 21, బుధవారం

హోటల్ హాల్లో ఏసీ చంపేసింది. బయట నారింజ చెట్లు పూత మీదున్నాయి, ఎండ హాయిగా ఉంది. లోపల నేను పళ్ళు పటపట కొట్టుకుంటూ ఇస్త్రీ చేస్తున్నాను. ఈ పనికి రావడం ఇది మూడో ఏడు. ఆటగాళ్ళ బొమ్మల కార్డులు అచ్చేసి అమ్మే కంపెనీ బేస్‌బాల్ కొత్త ఆటగాళ్ళను రోజుకు ముగ్గురిని పిలిపిస్తుంది. ఒక్కొక్కరికి అరవై చొక్కాలు. ఆటగాడు తొడుక్కుని విప్పుతాడు. నేను అందుకుని, మడిచి, నంబరు వేసి, 'ఇది ఆయన ధరించగా చూశాను' అని కాగితం మీద సంతకం పెడతాను. తర్వాత ఆ చొక్కాలను గోరంత ముక్కలుగా కోసి కార్డుల్లో అతికిస్తారు. ఆ కార్డులకు జనం వందల డాలర్లు పోస్తారు. వాళ్ళలో మా ఆయన లైల్ ఒకడు.

ఒక్కో చొక్కా ఒంటి మీద ఎంతసేపుంటుందో ఇవాళ గడియారం చూశాను. నాలుగు సెకన్లు. కొన్నిటికి రెండో చెయ్యి దూర్చనే దూర్చరు.

మధ్యాహ్నం టియో బరగాన్ వచ్చాడు. మా మీసా ఊరివాడే. లైల్ స్కూలు బస్సు నడిపిన రోజుల్లో డ్రైవరు సీటు వెనకే కూర్చుని నారింజ తొక్కలు కింద పడేసేవాడట. బస్సు లైల్ భార్యనని చెప్పాను. అయ్యో, తొక్కలన్నీ ఊడ్చుకున్నది ఆయనే పాపం, అడిగానని చెప్పండి అన్నాడు. మంచివాడు.

నలభై ఒకటో చొక్కా దగ్గర ఫోను మోగింది. అతని మేనేజరు గడియారం చూపించాడు. బరగాన్ మిగతా చొక్కాల గుట్ట మీద ఓసారి చరిచి వెళ్ళిపోయాడు.

పంతొమ్మిది మిగిలాయి. అందులో ఒకటి నా ఒళ్ళో ఉంది. చలికి తట్టుకోలేక పొద్దుటి నుంచీ దాన్నే దుప్పటిలా మోకాళ్ళ మీద కప్పుకున్నాను, దాని మీదే కాఫీ కప్పు పెట్టుకున్నాను. తీసి చూస్తే కప్పు అడుగు అంచు నెలవంకలా గోధుమరంగులో దిగింది. తడి కాగితంతో రుద్దితే ఇంకాస్త పాకింది. మడత లోపలికి తోసేశాను.

ఈ పనంతా చూసే షెల్బీ మా అమ్మాయి జనీన్ కంటే చిన్నది. మిగతావి తొడుక్కోలేదు కదా, ఏం చేద్దాం అని అడిగాను. ముట్టుకున్నాడుగా ఆంటీ, ముట్టుకుంటే తొడుక్కున్నట్టే, అయినా కార్డు వెనక ఈ ముక్క ఏ ఆటలోదీ కాదనే అచ్చేస్తారు, ఇక మన తప్పేముంది, పెట్టేయండి సంతకం అంది. నవ్వింది. నేనూ నవ్వాను. పంతొమ్మిదింటికీ పెట్టాను. ఒళ్ళో ఉన్నదానికి నలభై రెండు అని వేశాను.

రాత్రి భోజనం దగ్గర లైల్ కళ్ళు చేటలంత చేసుకుని అడిగాడు, అన్నీ తొడుక్కున్నాడా అని. అన్నీ అన్నాను. చెమట పట్టిందా అన్నాడు. పట్టింది అన్నాను.

ఫిబ్రవరి 22

ఆ చెమట మాట ఎందుకన్నాను? అడిగినవాడు నమ్మడానికి మొదటి అబద్ధం చాలు కదా.

ఏప్రిల్ 6, శనివారం

లైల్ కొత్త కార్డుల బాక్స్ తెచ్చాడు. చేతులు సబ్బుతో కడుక్కున్నాడు, బల్ల మీద తువ్వాలు పరిచాడు, నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే తంతు. మొదట్లో నాకు నవ్వొచ్చేది, ఇప్పుడు చూడలేను.

ఒక కార్డుకు రెండు మూలలు నలిగాయి. ఒకదాని ముఖం మీద గీత. ఇంకోదాంట్లో ఆటగాడు ఎక్కడో సంతకం చేసిన స్టిక్కరు తెచ్చి అతికించారు, అదీ వంకరగా. పేరులో సగం స్టిక్కరు బయటికి పోయి ఆగిపోయింది. చివరగా చొక్కా ముక్క ఉన్న కార్డు. తెల్లగా, నున్నగా, దుకాణంలో దుప్పటి నుంచి కత్తిరించినట్టుంది. లైల్ దాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పాడు.

చూశావా గ్లెండా, అన్నాడు. ఒకప్పుడు నాలుగు కంపెనీలుండేవి. ఒకడు ఒళ్ళు దాచుకుంటే, పోరా నాయనా అని ఇంకొకడి దగ్గరకి పోయేవాళ్ళం. అందుకని భయపడి చచ్చినట్టు బాగా చేసేవాళ్ళు. ఇప్పుడు కార్డులు వేసే లైసెన్సు మొత్తం ఒక్కడి గుప్పిట్లో. వాడు చింపిన కాగితం ఇచ్చినా కళ్ళకద్దుకోవాలి, అన్నాడు.

మరి కొనడం ఎందుకు మానవు అన్నాను. ఎప్పుడైనా ఒక్కటి నిజమైంది దొరుకుతుందేమోనని, అన్నాడు.

తర్వాత అలమారలోంచి టిబెట్స్ కార్డు తీశాడు. ఎర్ల్ టిబెట్స్ ఎప్పుడో ఆట మానేశాడు. అది పాత కంపెనీ చేసిన కార్డు. వెనక తేదీ ఉంటుంది, ఏ రోజు ఆటలో వేసుకున్న ప్యాంటో రాసి ఉంటుంది. ఆ రోజు మేం ముగ్గురం అక్కడే ఉన్నాం. జనీన్‌కు ఆరేళ్ళు, అదే మొదటి ఆట. లైల్ భుజాల మీద కూర్చుని చూసింది. టిబెట్స్ మూడో బేస్‌కు జారుకుంటూ వెళ్ళాడు, ఎర్రమట్టి ఇంతెత్తున లేచింది, పిల్ల భయపడి లైల్ జుట్టు పట్టుకుని పీకింది. ఆ మట్టే కార్డులో ఉన్న ముక్క మీద చిన్న మరకగా ఉంది. లైల్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఇప్పుడిక వాసనేం ఉంటుంది? అయినా చూస్తాడు.

నేను సంతకం పెట్టిన కాగితాలు గుర్తొచ్చి లేచి గిన్నెలు తోముకున్నాను.

జూలై 9

బయట నూట పదహారు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. వచ్చే ఫిబ్రవరి పనికి వస్తారా అని షెల్బీ మెసేజి. వస్తానన్నాను. రానని అనడానికి కారణం చెప్పాలిగా.

ఆగస్టు 30, శుక్రవారం

బరగాన్ కార్డులు వచ్చాయి. ఒక బాక్స్ లైల్ విప్పాడు, చొక్కా ముక్క ఒక్కటీ రాలేదు. కార్డుల దుకాణంలో, నా భార్య అన్నిటికీ సాక్షి అని చెప్పుకుంటున్నాడట. దుకాణం నడిపే యోడర్ ఇవాళ నన్ను చూసి, ఇదిగో వచ్చింది మన సాక్షమ్మ అన్నాడు. అందరూ జరిగి దారి ఇచ్చారు. నాకు బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది.

అక్టోబరు 27, ఆదివారం

లైల్ పరుగులాంటి నడకతో వచ్చాడు. మోకాలు నొప్పి సంగతే మర్చిపోయాడు. యోడర్ దగ్గరకు బరగాన్ కార్డు ఒకటి వచ్చిందట. పదే పది చేశారట అలాంటివి. ఫోనులో ఫోటో చూపించాడు, వేళ్ళతో పెద్దది చేశాడు.

మట్టి గ్లెండా! మట్టి! అన్నాడు. ఇన్నేళ్ళకు మళ్ళీ మరకున్న ముక్క. తుడవకుండా పంపేశారు వెధవలు, వాళ్ళ బద్ధకం మన అదృష్టం. చూడు ఎలా వంపు తిరిగిందో, జారినప్పుడు అలాగే అంటుతుంది, అన్నాడు.

నెలవంక. గోధుమరంగు. ఒక పక్క నేను రుద్దినచోట పాకి ఉంది.

ఆ హాల్లో మట్టెక్కడిది లైల్ అన్నాను. గట్టిగానే అన్నాననుకుంటాను. పొద్దున ప్రాక్టీసు చేసి అటే వచ్చుంటాడు, చేతులకంటిన మట్టి, నువ్వేగా చెమట పట్టిందన్నావు అన్నాడు.

అవును, అన్నది నేనే.

డబ్బిచ్చి కొనగలిగింది కాదు. యోడర్ దానికి బదులు టిబెట్స్ కార్డు అడుగుతున్నాడట. వచ్చే నెల తొమ్మిదిన కార్డుల సంతలో మార్చుకుందాం అన్నాడట. నువ్వేమంటావు అని లైల్ నన్ను అడిగాడు. టిబెట్స్ నన్నెరగడు, వీడు నా బస్సెక్కినవాడు, నా వెనకే కూర్చున్నవాడు, అన్నాడు.

నీ ఇష్టం అన్నాను.

నవంబరు 8, పొద్దున 6

ఇవాళ చెప్పేస్తాను. పాన్‌కేకులు చేసి, కూర్చోబెట్టి చెప్తాను. ఆ మరక నాది, కాఫీది, టిబెట్స్ కార్డు ఇవ్వకు. ఇంతే. మూడు మాటలు.

నవంబరు 8, పొద్దున 9

పాన్‌కేకులు బాగా కుదిరాయి.

నవంబరు 9, శనివారం

రాయకుండా పడుకోలేను.

సంత కాలేజీ జిమ్‌లో పెట్టారు. బల్లలు, గాజు పెట్టెలు, జనం. ప్రతి బల్ల దగ్గరా అదే ఏడుపు: మూలలు నలిగాయి, మళ్ళీ రేటు పెంచారు, అయినా ఎక్కడికి పోతాం. లైల్ టిబెట్స్ కార్డును చొక్కా జేబులో గుండె వైపు పెట్టుకుని చేత్తో అదిమి పట్టుకున్నాడు. కారు దిగిన దగ్గర్నుంచి ఆ చెయ్యి తియ్యలేదు.

యోడర్ బరగాన్ కార్డు బల్ల మీద పెట్టాడు. చుట్టూ ఏడెనిమిది మంది చేరారు. ఒకాయన, ఏమో బాబూ, వెనక ఏ ఆటలోదీ కాదని అచ్చేశారుగా, ఆ మట్టి ఎవరి పెరట్లోదో అన్నాడు. అందరూ నవ్వారు. యోడర్ నవ్వలేదు. నా వైపు తిరిగాడు. ఇదిగో, అచ్చుతో పనేముంది, అక్కడున్న మనిషే ఇక్కడుంది. చెప్పండి గ్లెండమ్మా, ఈ చొక్కా అతను వేసుకోగా మీరు చూశారా లేదా, అన్నాడు.

అందరూ నన్నే చూశారు. లైల్ కూడా చూశాడు. అడుగుతున్నట్టు కాదు, పొంగిపోతూ. నలభై ఏళ్ళ కాపురంలో నన్ను నలుగురిలో అలా చూడటం ఎన్నిసార్లు జరిగిందో వేళ్ళ మీద చెప్పగలను.

లేదు అనాలి. ఒక్క మాట. అంటే టిబెట్స్ కార్డు జేబులోనే ఉండిపోయేది, నేను నలుగురిలో అబద్ధాలకోరునయ్యేదాన్ని. ఆ రెండిటిలో ఏది ఎక్కువో తేల్చుకోవడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

చూశాను, అన్నాను.

ఆ పెరటి మాట అన్నాయన టోపీ తీసి, క్షమించండమ్మా అన్నాడు.

లైల్ జేబులోంచి టిబెట్స్ కార్డు తీసి ఇచ్చాడు. ఇచ్చేముందు ఒకసారి వాసన చూశాడు. యోడర్ అది అక్కడికక్కడే ఒహాయో నుంచి వచ్చిన ఎవరికో అమ్మేశాడు. మేం ఇంకా తలుపు దాకా కూడా రాలేదు.

నవంబరు 17

జనీన్ ఫోను. పండక్కి వస్తున్నారట. మా వాడికి ఆరేళ్ళొచ్చాయి కదా, ఆ టిబెట్స్ కార్డు చూపించి నాన్న జుట్టు పీకిన కథ చెప్పాలి, తీసి ఉంచమ్మా అంది. లైల్ ఫోను తీసుకుని, అంతకంటే మంచిది తెచ్చాను, రా, చూద్దువుగాని అన్నాడు. సరేలే నాన్నా, నీదేగా అందట. ఫోను పెట్టేశాక లైల్ కిటికీ దగ్గర నుంచుండిపోయాడు.

నవంబరు 24, ఆదివారం

లైల్ కొత్త కార్డును మందపాటి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి వంటగది గట్టు మీద నిలబెట్టాడు. ఇవాళ మంచి కాగితమొకటి, నా పెన్నూ తెచ్చి నా ముందు పెట్టాడు. కంపెనీవాళ్ళు రాయకపోతే పోయారు, నువ్వు రాయి అన్నాడు. ఏ రోజు, ఏ హాలు, ఏం జరిగింది. పాత కార్డుల వెనక ఉన్నట్టే. పిల్లవాడికి కార్డుతోపాటు ఆ కాగితం కూడా ఇస్తాను, మా అమ్మమ్మ చూసిందని చెప్పుకుంటాడు, అన్నాడు.

రేపు రాస్తానన్నాను.

నవంబరు 25, పొద్దున 5

లైల్ లేవకముందే రాశాను. అక్షరం పొల్లు పోకుండా ఇక్కడ ఎక్కిస్తున్నాను.

'ఫిబ్రవరి 21న మీసాలో హోటల్ హాల్లో టియో బరగాన్ నలభై ఒక్క చొక్కాలు తొడుక్కున్నాడు. ఇది నలభై రెండోది. దీన్ని అతను తొడుక్కోలేదు. చలిగా ఉందని నేను ఒళ్ళో కప్పుకున్నాను. దీని మీద ఉన్నది మట్టి కాదు, నా కాఫీ. కప్పు నేనే పెట్టాను. తొడుక్కున్నాడని సంతకం నేనే పెట్టాను. నవంబరు 9న యోడర్ అడిగినప్పుడు నాకు ఇదంతా తెలుసు. గ్లెండా పర్విస్.'

నవంబరు 25, రాత్రి

కాగితం కార్డు పక్కన పెట్టి బజారుకు వెళ్ళాను. వచ్చేసరికి కాగితం లేదు. లైల్ పెరట్లో నారింజ చెట్టుకు నీళ్ళు పెడుతున్నాడు. పాది నిండి నీళ్ళు కాలిబాట మీదికి పారుతున్నా కుళాయి కట్టెయ్యలేదు. నేను పిలవలేదు. సాయంత్రం దాకా ఒక్క మాటే అన్నాడు, ఉప్పు ఇలా జరుపు అని.

నవంబరు 26

లేచేసరికి లైల్ లేడు. నాకు కాఫీ పోసి పెట్టి వెళ్ళాడు. కప్పు కింద బరగాన్ కార్డు ఉంది.

కప్పు చేతిలోకి తీసుకున్నాను. దింపడానికి బల్లంతా ఖాళీగానే ఉంది. కాఫీ చల్లారిపోయింది. ఇంకా చేత్తోనే పట్టుకుని ఉన్నాను.