కథ లేని కాన్పు

సరోజక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ సబ్‌సెంటర్‌లో నర్సుగా నీ కుర్చీలో కూర్చున్నా, నీ మీద నా కుళ్లు మాత్రం పోలేదు.

ఒకప్పుడు వాగు దాటలేక ఒడ్డునే నువ్వు కాన్పు చేసిన ముత్తమ్మ గుర్తుందిగా? ఆమె కోడలు ఈ ఉదయం భద్రాచలంలో మగబిడ్డను కన్నది. కోడలికి బీపీ ఎక్కువ. వానలు ముదరకముందే తీసుకొచ్చి ఇక్కడి దవాఖానాలో ఉంచాను. వస్తానంటేగా! వాళ్ల గడపలో కూర్చుని పోరితే గానీ కదల్లేదు.

అనుకున్నట్టే నిన్న వాగు పొంగింది.

వార్డులో ముత్తమ్మ అందరికీ ఏం చెబుతోందో తెలుసా?

"నా కొడుకు పుట్టిననాడు గూడ గిట్లనే వాగొచ్చింది. మా సరోజమ్మ వానల తడుసుకుంట నా పాణం నిలబెట్టింది. దేవత!"

"మరి నేనో?" అన్నాను, ఉండబట్టలేక.

"నువ్వేం జేసినవ్ బిడ్డా? జల్దీ ఆటో ఎక్కించినవ్, గంతేగా!"

ఒళ్లు మండింది. ప్రమాదం మీదికొచ్చాక కాపాడితే దేవత. అసలు రానివ్వకపోతే ఆటో ఎక్కించిన మనిషి!

పిల్లాణ్ని చేతుల్లోకి తీసుకున్నాను. నీ చేతుల్లో పుట్టిన వీడి తండ్రికి ఊరంతా చెప్పుకునే కథ ఉంది. వీడి పుట్టుకలో చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఏమీ లేకుండా చేసింది నేనే, అక్కా.